బొమ్మ వెనుక శూన్యం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాల పండుగనాడు గతచరిత్రను తలచుకోవడం పరిపాటి. ఆ కార్యాన్ని ఇతర వక్తలు చక్కగా నిర్వర్తించారు. ఈ ప్రసంగానికి ఎంచుకొన్న విషయం కొంత విలక్షణమైనది. కంప్యూటర్ ఆటలను నిర్మించే సాధనాన్ని గేమ్ ఇంజిన్ అంటారు. అందులో ఒక బొమ్మను, దాని వెనుక ఏ నేపథ్యమూ లేకుండా, ఒంటరిగా చిత్రించి తీయడం ఎట్లు? ఇదీ నేటి విషయం. పండుగ సభలో ఈ ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కాని నేటి తల్లిదండ్రుల మనస్సులలో రెండు దిగుళ్ళు ఉన్నాయి. పిల్లవాడు సెల్‌ఫోనులో ఆటలాడుతూ కాలం పాడుచేస్తున్నాడనేది మొదటిది. కర్ణాటకలో తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డకు ముందుదారి ఎలా ఉంటుందనేది రెండవది. ఈ చిన్న విషయం ఆ రెండు దిగుళ్ళకూ కొంత సమాధానం చెబుతుంది.

ఆటలో వీరుడు ఒక క్షణం అడవిలో ఉంటాడు. మరుక్షణం కోటలో ఉంటాడు. ఇంకొక క్షణం ఏ దృశ్యమూ లేని పట్టికలో, తన ఆయుధాల పక్కన నిలిచి ఉంటాడు. బొమ్మ అదే. వెనుక దృశ్యం మాత్రమే మారింది. ఆడే పిల్లలలో ఎక్కువమంది దీనిని గమనించకుండానే ముందుకు సాగిపోతారు. ఎవరో ఒక్క బిడ్డ మాత్రం ఆగి, "ఒకే బొమ్మ ఇన్ని చోట్ల ఎలా అతికింది?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న పుట్టిన క్షణాన ఆట చదువుగా మారుతుంది. అప్పుడు జవాబు చెప్పగల పెద్దలు దగ్గర ఉండాలి.

ఒక వస్తువును దాని నేపథ్యం నుండి వేరుచేయడం గౌరిబిదనూరుకు కొత్త విద్య కాదు. 1965 నుండి ఈ ఊరి పరిసరాలలో అణుశక్తి శాఖవారి భూకంప పరిశీలనా కేంద్రం పనిచేస్తున్నది. ఎక్కడో దూరదేశంలో భూమి కంపించినా, భూగర్భంలో అణుపరీక్ష జరిగినా, ఆ సన్నని అదురును బండ్ల చప్పుడు, గాలి కదలిక వంటి నిత్యపు రొద నుండి విడదీసి పట్టడమే దాని పని. అందుకే ఒక్క పరికరంతో సరిపెట్టక అనేక పరికరాలను వరుసలుగా అమర్చారు. 1976 నుండి ఇక్కడి రేడియో నక్షత్రశాల సూర్యుని నుండి, నక్షత్రమండలాల నుండి వచ్చే రేడియో తరంగాలను ఆకాశపు మూలరొద నుండి వేరుచేసి నమోదు చేస్తున్నది. విషయమేది, నేపథ్యమేది అనే విచారణ ఈ నేలమీద అరువది ఏండ్లుగా సాగుతూనే ఉన్నది. కంప్యూటర్ బొమ్మ విషయంలోనూ విచారణ అదే.

ఇంతకంటె పాతదైన మరొక ఉదాహరణ సరిహద్దుకు ఆవల, పొరుగు సీమలోనే ఉన్నది. హిందూపురం దాటి ధర్మవరం వైపు వెళితే నిమ్మలకుంట అనే గ్రామం వస్తుంది. పూర్వం అనంతపురం జిల్లాలో ఉండి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఆ గ్రామం తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ ఊరి కళాకారుడు శ్రీ దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. మేకతోలును శుభ్రపరచి, వెలుతురు చొరబడేంత పలుచగా గీకి, ఆరబెట్టి, దానిపై రేఖలు గీసి, రంగులద్ది, నగలూ నేతచీరల అంచులూ ఉన్నచోట ఉలితో చిన్న చిన్న చిల్లులు తొలుస్తారు. కాళ్ళు, చేతులు, తల వేరువేరుగా కత్తిరించి కీళ్ళవద్ద దారంతో కుడతారు. తెల్లని తెర వెనుక దీపం వెలిగించి బొమ్మను తెరకు ఆన్చగానే రాముడు, రావణుడు, హనుమంతుడు ప్రాణం పోసుకొంటారు. నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి ఊరంతటినీ నవ్విస్తారు.

ఆ కళాకారుని చేతిపనిని నిదానంగా పరిశీలిస్తే ఒక సంగతి తెలుస్తుంది. బొమ్మలో ఏది ఉండాలో నిర్ణయించినంత శ్రద్ధగా, ఏది ఉండకూడదో కూడా ఆయన నిర్ణయిస్తాడు. హనుమంతుని చుట్టూ తోలు మిగలదు, అంచువెంట కత్తిరించివేస్తాడు. మెడలోని హారంలో ముత్యం కావలసినచోట తోలును తొలగిస్తాడు; అక్కడ దీపపు వెలుగే ముత్యమవుతుంది. అందువల్లనే ఆ బొమ్మ అశోకవనంలోనూ నిలుస్తుంది, లంకాదహనంలోనూ నిలుస్తుంది. దానికి విరుద్ధమైన ఉదాహరణ లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పులో కనిపిస్తుంది. విజయనగరకాలపు ఆ చిత్రాలలో స్పష్టమైన నల్లని రేఖలతో, పక్కకు తిరిగిన ముఖాలతో ఉన్న మూర్తులను చూసి, తోలుబొమ్మలను పోలి ఉన్నాయని అన్నవారున్నారు. పోలిక నిజమే. కాని ఆ మూర్తులు ఎరుపు వర్ణపు నేలతో కలిసిపోయి ఉన్నాయి. వాటిని అక్కడినుండి తీసి మరొకచోట నిలపడం సాధ్యం కాదు. తోలుబొమ్మ మాత్రం చుట్టూ శూన్యాన్ని తనతో మోసుకొని తిరుగుతుంది.

చలనచిత్రం వచ్చిన తరువాత ఇదే సమస్య కెమెరా ముందు నిలిచింది. 1957లో విజయా సంస్థ నిర్మించగా కె.వి. రెడ్డిగారు దర్శకత్వం వహించిన మాయాబజార్‌ను ఎరుగని తెలుగువారు అరుదు. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్‌ట్లీ కెమెరా మాయలకు పేరెన్నికగన్నవాడు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో రెండు దృశ్యాలను ఒకటిగా కలపాలంటే, ఫిల్ములో కొంతభాగానికి వెలుతురు తగలకుండా నల్లని ముసుగు వేసి ఒకసారి చిత్రించి, ఫిల్మును వెనుకకు తిప్పి, ఈసారి మొదట మూసినచోటు తెరచి, మిగిలినది మూసి మళ్ళీ చిత్రించేవారు. తరువాతి కాలంలో నటుని వెనుక నీలిగుడ్డనో పచ్చగుడ్డనో కట్టి, ఆ రంగు కనబడినచోటెల్లా వేరే దృశ్యాన్ని నింపే పద్ధతి వ్యాపించింది. అందులో చిక్కులు లేకపోలేదు. గుడ్డ రంగు నటుని బుగ్గమీదా, తెల్లని దుస్తులమీదా ప్రతిఫలిస్తుంది. వెంట్రుకల సందులలో పచ్చదనం మిగిలిపోతుంది.

కంప్యూటర్‌లో బొమ్మ అంటే అంకెల పట్టిక. ప్రతి చుక్కనూ పిక్సెల్ అంటారు. ఒక్కొక్క పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు చెప్పే మూడు అంకెలు ఉంటాయి. సాధారణంగా అవి 0 నుండి 255 వరకు సాగుతాయి. ఈ మూడు అంకెలూ రంగును చెబుతాయే గాని, అక్కడ వస్తువు నిజంగా ఉన్నదా లేదా అన్నది చెప్పవు. నల్లని పిక్సెల్ నల్లని జుట్టు కావచ్చు, చీకటి ఆకాశం కావచ్చు. 1970వ దశకం చివరిభాగంలో అమెరికాలోని న్యూయార్క్ సాంకేతిక సంస్థలో పనిచేస్తున్న ఆల్వీ రే స్మిత్, ఎడ్ కాట్మల్ అనే ఇరువురు శాస్త్రజ్ఞులు దీనికి నాల్గవ అంకెను జతచేశారు. ఆ పిక్సెల్‌ను వస్తువు ఎంత మేరకు కప్పినదో చెప్పే అంకె అది. దానికి ఆల్ఫా అని పేరుపెట్టారు. ఆల్ఫా 0 అయితే అక్కడ ఏమీ లేదు. 255 అయితే నిండుగా కప్పి ఉన్నది. నడిమి అంకె ఉంటే సగం సగం. అది వెంట్రుక అంచు కావచ్చు, పలుచని ఓణీ కావచ్చు. 1984లో టామ్ పోర్టర్, టామ్ డఫ్ అనే మరి ఇద్దరు ఈ నాల్గవ అంకెతో బొమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చే గణితాన్నంతటినీ క్రమబద్ధం చేశారు. ఈ నలుగురికీ కలిపి 1996లో హాలీవుడ్ అకాడమీ సాంకేతిక పురస్కారం లభించింది. ఈగ (2012), బాహుబలి (2015) వంటి తెలుగు చిత్రాలలో కంప్యూటర్‌లో పుట్టిన బొమ్మలు నిజదృశ్యాలతో కలిసిపోవడం వెనుక ఉన్నదీ ఈ నాల్గవ అంకె గణితమే.

ఆ గణితం ఎనిమిదవ తరగతి పిల్లలకు కూడా అందేదే. ఒక పిక్సెల్‌లో బొమ్మ రంగు 150 అనీ, అది నూటికి 60 పాళ్ళు మాత్రమే కప్పినదనీ అనుకొందాం. 150లో 60 పాళ్ళు 90. మిగిలిన 40 పాళ్ళ సందులోనుండి వెనుకనున్నది కనిపిస్తుంది. వెనుక తెలుపు, అనగా 255 ఉంటే, అందులో 40 పాళ్ళు 102. రెండూ కూడితే 192. వెనుక నలుపు, అనగా 0 ఉంటే 90 మాత్రమే మిగులుతుంది. బొమ్మ తన వంతు ఇస్తుంది, నేపథ్యం తన వంతు ఇస్తుంది. ఎవరి వంతు ఎంతో చెప్పేది ఆల్ఫా.

ఇక గేమ్ ఇంజిన్ వద్దకు వద్దాం. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి యూనిటీ, అన్‌రియల్, గోడో అనేవి. వీటిలో గోడో ఉచితంగా లభిస్తుంది. దాని మూలరచనను ఎవరైనా చదువవచ్చు. వీటిలో బొమ్మను చూసే కెమెరా నిజమైన కెమెరా కాదు. అది ముందుగా ఒక ఖాళీ పట్టికను ఏదో ఒక రంగుతో నింపుతుంది. తరువాత దానిమీద దృశ్యాన్ని గీస్తుంది. నేపథ్యం లేని బొమ్మ కావాలంటే మొదటి అడుగు ఇక్కడే. ఆకాశాన్ని తొలగించి, పట్టికను నాలుగు సున్నలతో నింపాలి: ఎరుపు 0, పచ్చ 0, నీలం 0, ఆల్ఫా 0. రెండవది, ఆ పట్టికలో నాల్గవ అంకెకు చోటు ఉండాలి. మూడే గళ్ళున్న పట్టికను ఎంచుకొంటే ఆల్ఫా పుట్టినచోటనే పోతుంది. గోడోలో దీనికి దృశ్యపటపు నేపథ్యాన్ని పారదర్శకం చేసే ఒక చిన్న అమరిక ఉన్నది. యూనిటీలో కెమెరా నేపథ్యపు రంగునకు ఆల్ఫా సున్న ఇచ్చి, చిత్రాన్ని తెరమీదకు గాక ఒక పటంలోనికి గీయించాలి. అన్‌రియల్‌లో దృశ్యాన్ని పటంగా పట్టేటప్పుడు నాల్గవ అంకె తలక్రిందులుగా వస్తుంది. వస్తువు ఉన్నచోట సున్న, లేనిచోట నిండు. దానిని తిరగవేసుకోవాలి. తెలియనివారు బొమ్మంతా మాయమైనదని కంగారుపడతారు.

కొందరు ఇంజిన్‌లోనే బొమ్మ వెనుక పచ్చరంగు పూసి, తరువాత ఆ పచ్చను చెరిపివేయడానికి యత్నిస్తారు. సినిమావారికి గత్యంతరం లేక చేసిన పని అది. ఎక్కడ వస్తువు ఉన్నదో ఇంజిన్‌కు ముందే తెలుసు. తెలిసినదానిని దాచిపెట్టి, మళ్ళీ ఊహించి తెలుసుకోబోవడం వృథాశ్రమ. పైగా పచ్చ అంచులు మిగిలి బొమ్మ పాడవుతుంది.

మూడవ అడుగులో చాలామంది జారిపడతారు. దృశ్యం గీయడం పూర్తయిన తరువాత ఇంజిన్ దానికి మెరుపులు, కాంతివలయాలు, రంగు దిద్దుబాట్లు చేస్తుంది. ఈ అలంకరణ దశలో ఎన్నో సందర్భాలలో మూడు రంగులనే పట్టించుకొని నాల్గవ అంకెను 255గా నింపివేయడం జరుగుతుంది. అంతవరకు పారదర్శకంగా ఉన్న నేపథ్యం అకస్మాత్తుగా నల్లని గోడ అయిపోతుంది. అలంకరణను మానడమో, నాల్గవ అంకెను కాపాడే అమరికను ఎంచుకోవడమో చేయాలి. చివరి అడుగు భద్రపరచడం. ఛాయాచిత్రాలకు వాడే జేపెగ్ పద్ధతిలో ఆల్ఫాకు చోటే లేదు. 1996లో ప్రమాణంగా వెలువడిన పి.ఎన్.జి. పద్ధతిలో ఉన్నది. బొమ్మను ఎంత చక్కగా తీసినా జేపెగ్‌గా దాచితే శూన్యం పోయి, ఏదో ఒక రంగు మిగులుతుంది.

ఇన్నీ సరిగా చేసినా బొమ్మ చుట్టూ సన్నని నల్లని గీత కనిపించడం కద్దు. ఇది అందరినీ వేధించే దోషం. ఇందాకటి లెక్కలో బొమ్మ వంతు 90 అని చెప్పుకొన్నాం. ఆ 90 అప్పటికే 60 పాళ్ళతో గుణించిన ఫలితం. దానిని భద్రపరచి, మరొకచోట అతికించేటప్పుడు ఇంజిన్ మళ్ళీ 60 పాళ్ళతో గుణిస్తే 54 వస్తుంది. తెల్లని నేపథ్యం మీద 192 రావలసినచోట 156 వస్తుంది. అంచు నల్లబడుతుంది. పి.ఎన్.జి. ప్రమాణం గుణించని రంగును కోరుతుంది. కనుక దాచేముందు 90ని 60 పాళ్ళతో భాగించి 150గా మార్చుకోవాలి. లేదా ఇది ముందే గుణించిన రంగు అని అతికించేచోట ఇంజిన్‌కు తెలపాలి. ఒకసారి చేయవలసిన లెక్కను రెండుసార్లు చేయడమే ఆ నల్లగీతకు కారణం. బడిపిల్లల లెక్కల పుస్తకాలలో కనిపించే పొరపాటే పెద్దపెద్ద సంస్థల బొమ్మలలోనూ కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినది, ఆల్ఫా చేతిలో ఉన్నప్పటి మాట. అది లేనప్పుడు ఏమి చేయాలి? ఇక్కడ అత్యంత రమణీయమైన విషయం ఒకటి ఉన్నది. ఒకే నేపథ్యం మీద ఉన్న బొమ్మను చూసి, అందులో బొమ్మ వంతు ఎంత, నేపథ్యపు వంతు ఎంత అని సాధారణంగా తేల్చలేము. తెల్లని గుడ్డముందు ఒక పిక్సెల్ 192గా కనబడిందనుకొందాం. అది నిండుగా కప్పిన 192 రంగు కావచ్చు. 60 పాళ్ళు కప్పిన 150 కావచ్చు. దాదాపు 25 పాళ్ళు కప్పిన కారునలుపు కావచ్చు. మూడింటికీ ఫలితం దాదాపు ఒక్కటే. తెలిసిన అంకెలు తక్కువ, తెలియనివి ఎక్కువ. అదే బొమ్మను కదలకుండా నిలిపి నల్లని నేపథ్యం మీద కూడా చూస్తే చిక్కు విడిపోతుంది. తెలుపుమీద 192, నలుపుమీద 90. తేడా 102. అది 255లో 40 పాళ్ళు. అంటే సందు 40, కప్పినది 60. 90ని 60 పాళ్ళతో భాగిస్తే 150. బొమ్మ అసలు రంగు బయటపడింది. 1996లో ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ అనేవారు ఈ విషయాన్ని గణితపరంగా నిరూపించి ప్రకటించారు. ఇంజిన్ నాల్గవ అంకెను పోగొట్టినప్పుడు, దృశ్యాన్ని ఒకమారు నలుపుమీద, ఒకమారు తెలుపుమీద గీయించి, తీసివేతతో ఆల్ఫాను తిరిగి రాబట్టడం నేటికీ పనివారు వాడే ఉపాయమే.

దీనిని పాఠశాలలోనే చేసి చూడవచ్చు. ఒక తోలుబొమ్మను కదలకుండా నిలిపి, వెనుక మొదట నల్లగుడ్డ, తరువాత తెల్లగుడ్డ కట్టి, వెలుతురు మార్చకుండా రెండు ఛాయాచిత్రాలు తీయాలి. ఛాయాచిత్రంలోని అంకెలు వెలుతురుకు సూటి కొలతలు కావు గనుక వాటిని ముందు సరిచేసుకోవాలి. తరువాత అంతా తీసివేతా భాగహారమే. బొమ్మ అంచులూ, ఉలి తొలిచిన ఒక్కొక్క చిల్లూ వాటంతటవే విడివడి వస్తాయి. అయితే తోలు ఒక కొత్త పాఠాన్ని కూడా చెబుతుంది. ఎర్రరంగు అద్దిన పలుచని తోలు వెనుకనుండి వచ్చే ఎర్రని వెలుతురును పోనిచ్చి, నీలివెలుతురును ఆపుతుంది. అందుచేత తెలుపు, నలుపు చిత్రాల నడుమ తేడా ఎరుపు అంకెలో ఎక్కువగా, నీలం అంకెలో తక్కువగా వస్తుంది. ఒక్క ఆల్ఫా దీనిని చెప్పజాలదు. మూడు రంగులకూ మూడు ఆల్ఫాలు కావాలి. దీపశిఖ సంగతి వేరు. అది వెనుకనున్నదానిని దాదాపుగా కప్పదు, తన వెలుగును కలుపుతుంది. కాబట్టి దాని ఆల్ఫా సున్నకు దగ్గరగా ఉండి, రంగు మాత్రం నిండుగా ఉంటుంది. తోలు, దీపం, తెర అనే మూడింటిలో ఇంత శాస్త్రం ఇమిడి ఉన్నది.

తెలుగు అక్షరాలకూ ఈ విద్యతో పని పడింది. తెలుగు లిపిలో గుణింతాలు, వత్తులు ఒకదానికొకటి కూర్చుకొని నిలవాలి. యూనిటీలో ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్న అక్షరసాధనం ఈ కూర్పును తనంతట తాను చేయదు. 'గౌరిబిదనూరు' అనే మాట ఎలాగో నిలిచినా, 'రాష్ట్రం' వంటి మాటలో వత్తులు విడిపోయి అక్షరం చెదిరిపోతుంది. అందువల్ల తెలుగులో ఆట చేయదలచినవారు మాటను మరొకచోట వ్రాసి, పారదర్శక నేపథ్యం గల బొమ్మగా తీసి, ఆటలో అతికించుకొంటూ వచ్చారు. ఉపాయం బాగున్నదే. కాని బొమ్మగా మారిన మాటను తరువాత దిద్దలేము, వెదకలేము, చూపులేని విద్యార్థికి యంత్రం చదివి వినిపించలేదు. 2023లో వెలువడిన గోడో నాల్గవ రూపాంతరం భారతీయ లిపుల కూర్పును సహజంగానే చేయగలుగుతున్నది. ఇట్టి మార్పు రావడానికి, తమ లిపి చెదిరిపోతున్నదని పట్టించుకొనే చదువరులు కావాలి. తెలుగును ప్రేమించడం పద్యం అప్పజెప్పడంతో ముగియదు. వత్తు ఎక్కడ తప్పిపోతున్నదో చూసి దిద్దడం కూడా అందులో భాగమే.

నిమ్మలకుంట కళాకారుల కుటుంబాలలో పలువురి ఇంటిభాష మరాఠీ. వారు తరతరాలుగా తెలుగులో రామాయణ భారతాలను ఆడుతూ వచ్చారు. రాత్రంతా సాగే ఆటలు తగ్గిపోగా, అదే తోలుమీద దీపపు గూళ్ళు, గోడబొమ్మలు చేసి జీవిస్తున్నవారు అనేకులు. రేపు వారి హనుమంతుడు ఏదో ఆటలో గెంతవచ్చు. బొమ్మను నేపథ్యం నుండి విడదీసినంత సులభంగా, చేసినవాని పేరును కూడా బొమ్మనుండి విడదీయవచ్చు. ఆ అన్యాయం జరగకుండా చూడడం నేర్చుకొన్నవారి ధర్మం. ఈ పాఠశాల విద్యార్థి ఎవరైనా అట్టి బొమ్మను వాడితే, అనుమతి అడిగి, చేసినవారి పేరు చెప్పి, తగిన ప్రతిఫలం ముట్టజెప్పి మరీ వాడుగాక.

ఇక తల్లిదండ్రుల రెండవ దిగులు. ఈ తాలూకాలో, అటు బాగేపల్లిలో, ఇటు చింతామణిలో పుట్టిన బిడ్డలు ఇంట తెలుగు, వీధిలో కన్నడం వింటూ పెరుగుతారు. కొలువుకు బెంగళూరు వెళ్ళి ఇంగ్లీషును కూడా ఎత్తుకొంటారు. ఇన్ని భాషల నడుమ బిడ్డ ఎటూ కాకుండా పోతుందని కొందరు భయపడి, ఏదో ఒకటి తుడిచివేయమంటారు. తుడిచివేయడం పచ్చరంగు పూసి చెరిపే పద్ధతివంటిది, అంచులు దెబ్బతింటాయి. ఒకే భాష, ఒకే ఊరు, ఒకే వాతావరణంలో పెరిగినవానికి తనలో తనదెంత, పరిసరాలదెంత అన్నది తెలిసే అవకాశం తక్కువ. రెండు నేపథ్యాల మీద నిలిచి చూసుకొన్న బిడ్డకు ఆ లెక్క తెలుస్తుంది. కన్నడం ముందు నిలిచినప్పుడు తన తెలుగు ఎక్కడ వేరో, తెలుగువారి మధ్య నిలిచినప్పుడు తన మాటలో కన్నడం ఎంతున్నదో గుర్తిస్తుంది. కైవారం తాతయ్యగా ప్రసిద్ధులైన నారాయణయతీంద్రులు ఈ సీమలోనే తెలుగులోనూ, కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. రెండు భాషలవారూ వారిని తమవారే అన్నారు.

తెలుగు మాధ్యమంలో ఈ శాస్త్రం అందదనే మాటకు జవాబు ఇంతవరకు సాగిన ప్రసంగమే. నాలుగు అంకెలు, ఒక గుణకారం, ఒక తీసివేత, ఒక భాగహారం. వీటిని అర్థం చేసుకోవడానికి తెలుగు ఎక్కడా అడ్డురాలేదు. ఇంజిన్‌లోని మీటల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని నేర్చుకోక తప్పదు. కాని మీట ఎందుకు నొక్కాలో తెలిసినవానికి దాని పేరు నేర్వడం పది రోజుల పని. ఎందుకో తెలియనివానికి పేరు వచ్చినా ఫలం లేదు.

ఈ తాలూకాలోని హోసూరులో 1920లో జన్మించి, భౌతికశాస్త్రాచార్యులై, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని అలంకరించిన డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు 1976లో మహిమలను పరీక్షించేందుకు ఒక సంఘాన్ని ఏర్పరచి, ఎంత పెద్దవారినైనా ప్రశ్నించవచ్చునని దేశానికి చాటారు. 2005లో వారు కీర్తిశేషులైనారు గాని వారి మార్గం నిలిచి ఉన్నది. తెరమీది మాయను చూసి ఆనందించడం తప్పు కాదు. ఆనందించిన తరువాత తెర వెనుకకు వెళ్ళి దీపాన్నీ, తోలునూ, చిల్లునూ చూసి రావడం విద్య.

కావున ఉపాధ్యాయులకు ఒక మనవి. వచ్చే విద్యాసంవత్సరంలో భిన్నాలు, శాతాలు చెప్పే తరగతిలో ఒక్క గంట ఈ నల్లగుడ్డ, తెల్లగుడ్డ ప్రయోగానికి కేటాయించండి. తల్లిదండ్రులకు మరొక మనవి. బిడ్డ చేతిలోని ఫోనును లాగుకొనేముందు, "ఆ బొమ్మ వెనుక ఏమున్నది?" అని ఒక్కసారి అడగండి. జవాబు తెలియకపోతే ఇద్దరూ కలిసి బడికి రండి. ఈ బడి తలుపులు డెబ్బది ఐదు ఏండ్లుగా అడిగేవారి కోసమే తెరచి ఉన్నాయి. పూర్వ విద్యార్థులలో ఈ వృత్తిలో ఉన్నవారు సంవత్సరానికి ఒక్కరోజు వచ్చి పిల్లల ముందు ఆ ఇంజిన్‌ను తెరచి చూపితే, అంతకు మించిన జూబిలీ కానుక ఈ పాఠశాలకు ఉండదు.

అందరికీ శుభం కలుగుగాక. స్వస్తి.